పన్ను పోయిన తరువాతి నొప్పి



పన్ను తీయించుకొనుటను గూర్చి మాటాడువారు సాధారణముగా తీయునప్పటి బాధనే చెప్పుదురు. ఆ బాధ నేడు చాలవరకు తొలగినది. 1844వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికా దేశపు హార్ట్‌ఫర్డు నగరమున హోరెస్ వెల్సు అను దంతవైద్యుడు నవ్వు పుట్టించు వాయువును పీల్చి, తన పన్నొకదానిని మరియొక వైద్యునిచే తీయించుకొని, నొప్పి తెలియలేదని సంతోషించెను. 1943లో స్వీడను దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు లిడొకెయిన్ అను మందును సిద్ధపరచెను. నేడు మన వైద్యులు చిగురునకు సూదితో నెక్కించు మందు తరచుగా నదియే. దాని చలువ వలన పన్ను ఊడుచున్నప్పుడు మనకు తెలియునది లాగుడును చప్పుడును మాత్రమే. కాని యా మందు కొన్ని గంటలకు దిగిపోవును. అటుపిమ్మట వచ్చు బాధను గూర్చియు, వచ్చి వారములు గడచినను పోక నిలుచు బాధను గూర్చియు చెప్పువారు తక్కువ. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విరమించిన ఉపాధ్యాయుడను. అయినను జ్ఞానదంతము తీసిన పిమ్మట నాకు కొన్ని నెలలు గడచిన తీరును, ఆ నెలలలో మన తెలుగుమాటలు నాకు చేసిన సాయమును మీకు విన్నవింపదలచితిని.

జ్ఞానదంతమనగా దవడల చివర, అన్నిటికన్న వెనుక, అన్నిటికన్న ఆలస్యముగా వచ్చు పన్ను. సాధారణముగా పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల నడుమ వచ్చును. నాలుగును వచ్చువారు కలరు. ఒకటియు రానివారును కలరు. తెలివి ముదురు ప్రాయమున వచ్చునది గనుక పాశ్చాత్యులు దానికి జ్ఞానముతో ముడిపెట్టి పేరిడిరి. మన మాటయు నట్టిదే. పన్ను వచ్చినవారందరికి జ్ఞానము వచ్చినదా యన్నది వేరు ప్రశ్న. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు జంతువులను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఈ పండ్లు ఇరువదియేండ్ల ప్రాయమున వచ్చునని చెప్పి, ఎనుబదియేండ్లు దాటిన స్త్రీలకు సైతము వచ్చి మిక్కిలి బాధపెట్టిన సందర్భములు కలవని వ్రాసెను.

మన సుశ్రుతుడు దంతమూలముల రోగములను చెప్పుచు అధిమాంసమను దానిని పేర్కొనెను. దవడయందలి కడపటి పంటికడ గొప్ప వాపు, గొప్ప నొప్పి, నోట లాలాజలము కారుట దాని లక్షణములు. సగము మొలచి సగము చిగురు క్రింద దాగిన జ్ఞానదంతము చుట్టును వాచుటను దినదినము చూచు నేటి వైద్యుడు ఈ వర్ణనను విన్నచో వెంటనే గుర్తించును. సుశ్రుతుడు చెప్పిన పథ్యమును గమనింపదగినది. దంతరోగి పుల్లని పండ్లను, చల్లని నీటిని, తడిలేని యన్నమును, పండ్లు తోముపుల్లను, మిక్కిలి గట్టి తినుబండములను విడువవలెనట. నాకు వైద్యురాలు వ్రాసి యిచ్చిన కాగితములో గట్టివి తినవలదనుటయు, గాయమును కుంచెతో తాకవలదనుటయు నున్నవి. చల్లదనము విషయమున మాత్రము వారిరువురికి పొత్తు కుదరలేదు. ఆమె మొదటిదినమున చల్లనివే పుచ్చుకొమ్మనెను. నేను ఆమెనే యనుసరించితిని.

చరకుడు శరీరమందలి యెముకలను లెక్కించుచు ముప్పదిరెండు దంతములతో పాటు ముప్పదిరెండు దంతోలూఖలములను లెక్కించెను. ఉలూఖలమనగా రోలు. పన్ను కూర్చుండు గుంటకు రోలని పేరు పెట్టుట యెంత సరిగా నున్నదో పన్ను పోయి రోలు మిగిలిన వానికే తెలియును. ఇక ముందు నేనును రోలనియే యందును.

పన్ను తీసినంతనే ఆ రోలు రక్తముతో నిండును. రక్తము గడ్డకట్టి, క్రింది యెముకకును అందలి నరముల కొనలకును మూతగా నిలుచును. ఆ గడ్డను మించిన మందు లేదు. దాని నాధారముగా చేసికొని వారము పదిదినములలో క్రొత్త కండ అల్లుకొనును. మూడు నాలుగు వారములకు చిగురు మూసికొనును. లోపల ఎముక నిండుటకు నెలలు పట్టును. కావుననే మొదటిదినమున పుక్కిలింపరాదనియు, గట్టిగా ఉమియరాదనియు, గొట్టముతో పీల్చి త్రాగరాదనియు చెప్పుదురు. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా నోరు కడుగుకొనవచ్చును. చుట్టయు బీడీయు సిగరెట్టును ఆ గడ్డకు పరమశత్రువులు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగువారు నేటికిని కలరు. వారికి ఈ మాట రెండుమారులు చెప్పవలెను.

వాపు రెండవ మూడవ దినములకు హెచ్చి తరువాత తగ్గును. నొప్పియు కొంచె మించుమించుగా నట్లే. దినదినమునకు తగ్గుచున్న నొప్పి పెద్దదైనను దానికి అంతగా భయపడనక్కరలేదు. తగ్గి మరల హెచ్చిన నొప్పి చిన్నదైనను వైద్యునకు చెప్పవలసినదే. ఈ యొక్క భేదమును నేను ముందుగా నెరిగి యుండుట నాకు గొప్ప మేలైనది.

నాకు అరువదినాలుగవ యేట కుడివైపు క్రింది జ్ఞానదంతమును తీసిరి. అది నిలువుగా మొలవక, అలసిన యెద్దువలె ప్రక్కకు పరుండి, ముందరి దవడపంటిని పొడుచుచు నలుబదియేండ్లు గడపినది. ఆ సందున అన్నము చేరి ముందరి పన్ను పుచ్చసాగినందున తీయక తప్పలేదు. ఇరువదియేండ్లవాని యెముక కొంత మెత్తన. నా వయసునకు గట్టిపడును, మానుటయు మెల్లన. ఈ సంగతియు, దవడయెముకలో పోవు నరమొకటి ఛాయాపటమున పంటివేళ్ళ కానుకొని కనబడుచున్న సంగతియు వైద్యురాలు ముందే విప్పి చెప్పెను. ఆమె నాకు మనుమరాలి యీడుది. మాస్టారూ అని పిలుచుచు, నాకు పాఠము చెప్పినది.

రెండు దినములు సుఖముగానే గడచినవి. మూడవనాటి మధ్యాహ్నమున, ఇక మందుబిళ్ళ అక్కరలేదనుకొనుచుండగా, క్రొత్త నొప్పి యొకటి బయలుదేరెను. రాత్రికి అది చెవిలోనికి పాకెను. బిళ్ళ వేసికొన్నను గంటకన్న నిలువలేదు. మా యింటిలో సభ కూడెను. మా బావమరిది, "పన్ను పీకిన తరువాత నొప్పి రాక నిద్ర వచ్చునా బావగారూ? వారము దినములు ఓర్చుకొనుడు" అనెను. ఎదురింటి పెద్దాయన లవంగనూనెను దూదితో రోటిలో కుక్కుమనెను. నా భార్య మాత్రము, "కొండనాలుకకు మందువేసిన ఉన్న నాలుక ఊడినదట. తెల్లవారగనే ఆ పిల్ల దగ్గరకే పోదము" అనెను. పంటిబిగువున ఓర్చుకొనుమని మనవారు చెప్పుట కలదు. బిగించుటకు పన్నే లేనివాడు, దవడయే సరిగా కదలనివాడు దేని బిగువున ఓర్చుకొనవలెనో వారు చెప్పలేదు.

నిద్ర పట్టక దీపము వెలిగించి కూర్చుంటిని. ఇది మొదటినాటి నొప్పియేనా, వేరొకటియా యని ఆలోచింపగా, నొప్పి యను నొక్క మాటతో రెండింటిని పిలుచుటయే చిక్కని తోచినది. మన భాషలో నొప్పికెన్ని పేర్లున్నవో ఆ రాత్రి వరుసగా వ్రాసికొంటిని. కోసినచోట నుండునది కోతనొప్పి. తాకినప్పుడు తెలియును, ఊరకున్న నూరకుండును. నాడితో పాటు కొట్టుకొనునది సలుపు. ఒక్కచోట పుట్టి మరియొకచోటికి పొడుచుకొని పోవునది పోటు. తలపోటు, పన్నుపోటు అని అందరు నందురు. లోపల నుండి లాగినట్లుండునది తీపు. చల్లని నీరు తగులగనే పండ్లు జివ్వుమనును. చింతకాయ తిన్న పండ్లు పులియును. కొరికినప్పుడు కలుక్కుమనుట వేరు. మంట వేరు. తిమ్మిరి వేరు, మొద్దుబారుట దానికన్నను వేరు. దవడలు పట్టుకొనుట నొప్పియు గాదు, నొప్పి లేకయు లేదు. పల్లెలో చదువులేని ముదుసలి సైతము వీనినొకదాని కొకటి కలుపక వాడును. చదువుకొన్న మనమే అన్నిటిని పెయిన్ అని మూట గట్టి వైద్యుని ముందర పెట్టుచున్నాము.

తెల్లవారిన తరువాత వైద్యురాలు, "నొప్పి పదికి ఎంత యున్నదండీ మాస్టారూ?" అని యడిగెను. మార్కులు వేయుట నా వృత్తి. అయినను ఆ నొప్పికి మార్కులు వేయ చేతకాలేదు. "అమ్మా, మొన్నటిది కోతనొప్పి. అది పోవుచున్నది. ఇది సలుపు. నాడితో పాటు కొట్టుచు చెవిలోనికిని కణతకును పోటు పెట్టుచున్నది. నోట చెడ్డరుచి యున్నది" అంటిని. ఆమె, "చూడకయే చెప్పవచ్చునండీ, గడ్డ పోయియుండును" అని, అద్దము పెట్టి చూచి, అవుననెను. రోలు వట్టిదై, అడుగున ఎముక తెల్లగా కనబడుచున్నదట.

దీనిని ఆంగ్లమున డ్రై సాకెట్ అందురు, ఎండురోలని మనమనుకొనవచ్చును. 1896లో క్రాఫర్డ్ అను దంతవైద్యుడు దీనిని మొదట వర్ణించెను. అన్ని పండ్లను కలిపి లెక్కించిన నూటికి ఇద్దరు మొదలు అయిదుగురికి వచ్చును. క్రింది జ్ఞానదంతముల విషయమున అంతకన్న చాల హెచ్చు. పన్ను తీసిన ఒకటి మొదలు నాలుగు దినముల లోపల మొదలిడుట, సలుపు చెవికి పాకుట, దుర్వాసన, సామాన్యపు బిళ్ళలకు లొంగకుండుట దీని గుర్తులు. పొగ త్రాగువారికిని, గర్భనిరోధపు బిళ్ళలు వాడు స్త్రీలకును, కష్టపడి తీయవలసిన పండ్లకును ఎక్కువగా వచ్చును. కాని చెప్పినవన్నియు తప్పక పాటించిన వారికిని వచ్చుట కలదు. నీవు ఉమిసితివి, నీవు పుక్కిలించితివి అని ఇంటివారు రోగి మీద నేరము మోపుట న్యాయము గాదు. తీసిన వైద్యుని మీద మోపుటయు న్యాయము గాదు.

ఆమె రోటిని ఉప్పునీటితో కడిగి మందుపట్టీ యొకటి లోన నుంచెను. దానిలో యూజినాల్ అను పదార్థమున్నది. అది లవంగనూనెలోని సారము. అరగంటలో సలుపు సగమునకు దిగెను. ఇంటికి వచ్చి చెప్పగా మా బావమరిది, "మేము చెప్పినది లవంగమే కదండీ" అని గెలిచినట్లు నవ్వెను. వట్టి నూనెను ఇంట పచ్చిగాయములో పోసిన కండ కాలునని ఆమె చెప్పిన మాటను ఆయన వినదలచుకొనలేదు. పట్టీని మరి రెండుమారులు మార్చినది. ఎండురోలు సాధారణముగా వారము పదిదినములలో శమించునట. నాకు పండ్రెండవనాటికి సలుపు పూర్తిగా పోయెను.

అంతటితో ముగిసినచో నేనీ ప్రసంగము చేయకుందును. సలుపు పోయిన తరువాత దాని వెనుక దాగిన రెండు సంగతులు బయటపడెను. ఒకటి, నోరు తెరచుకొనదు. మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టవలసిన నోట ఒక వ్రేలును సగమును పట్టుచుండెను. రెండవది, కుడివైపు క్రిందిపెదవియు గడ్డములో కొంత భాగమును మొద్దుబారి యుండెను. సూదిమందు దిగి పక్షము దినములు కావచ్చినను ఆ చోట దిగలేదు.

మా యింటి వసారాలో సాయంకాలములందు ఎనమండుగురు పిల్లలకు పద్యము చదువుట నేర్పుచుందును. జీతము లేని పని. పింఛను పుచ్చుకొనువానికి ప్రొద్దు గడుచుటకు ఏదో యొక యాధారముండవలెను, నాకున్నది అదియే. నోరు విప్పక పద్యము చదువుట యెట్లు? పన్నెత్తి పలుకడని గర్విష్ఠుని గూర్చి అందురు. నేను గర్వము లేకయే పన్నెత్తి పలుకలేనివాడనైతిని. పిల్లలు వచ్చి, నా ముఖము చూచి, తమలో తాము చదువుకొని పోవుచుండిరి. మూడవ వారమునకు నలుగురు మానిరి. వారిని తప్పుపట్టను, పిల్లలు నదివంటివారు, దారి మూసిన చోట నిలువరు.

దవడ సంగతి సులభముగనే తేలినది. పన్ను తీయునపుడు చాలసేపు తెరచి యుంచుట వలనను, వాపు వలనను, నమలు కండరములు బిగిసిపోవును. సామాన్యముగా రెండు వారములలో సడలును. నాకు ఎండురోలు వలన ఆలస్యమైనది. వెచ్చని గుడ్డతో కాపుచు, ఆమె చెప్పినట్లు దినమునకు నాలుగైదుమారులు మెల్లమెల్లగా నోరు తెరచుట సాధన చేసితిని. అద్దము ముందు నిలిచి ఆవులించు నన్ను చూచి నా భార్య నవ్వుకొనుచుండెను. అయిదవ వారమునకు మూడు వ్రేళ్ళు పట్టినవి.

పెదవి మాట వేరు. మనవారు అక్షరములను అవి పుట్టు స్థానములను బట్టి విభజించిరి. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు. నేను ప్రతి ఉదయమున లేచి వర్ణమాల నొకమారు పలికి చూచుకొనుచుంటిని. టవర్గము వరకు భయము లేదు. తవర్గము మంచిదే, నాలుకకు పోవు నరము చెడలేదని సంతోషము. పవర్గమునకు రాగానే గుండె తటతటలాడెడిది. ప ఫ బ భ మ యని పలికినచో శబ్దము సరిగానే వినబడును. కాని పెదవి పెదవికి తగులుట నాకు తెలియదు. మరియొకని పెదవిని తెచ్చి అతికించి పలికినట్లుండును. నలుబదేండ్లుగా పిల్లలకు ఓష్ఠ్యములను పెదవులు చూపి నేర్పిన వానికి అది యెట్లుండునో మీరే యూహింపుడు. అన్నపు మెతుకు పెదవికి అంటుకొన్నను తెలియక నలుగురిలో కూర్చుండి యుంటిని. వేడి కాఫీ చుక్క గడ్డము మీద పడినను తెలియలేదు. నొప్పి పోయినదని యందరు సంతోషించుచుండగా, నొప్పియైనను తెలిసిన బాగుండునని నేననుకొంటిని.

వైద్యురాలు నన్ను కన్నులు మూసికొమ్మని, దూదికొనతో తాకుచు, తెలిసినచోటికిని తెలియనిచోటికిని నడుమ కలముతో గీత గీచి, కొలిచి వ్రాసికొనెను. "మాస్టారూ, ఈ నరము స్పర్శను తెచ్చునదే గాని పెదవిని కదపునది గాదు. కదపు నరము వేరు. మీ అక్షరములెక్కడికిని పోవు" అనెను. ఆ మాటతో సగము బరువు దిగినది. నరము తెగక నొక్కుకొని గాని నలిగి గాని యున్నచో చాలమందికి వారములలో గాని నెలలలో గాని స్పర్శ తిరిగి వచ్చును. శాశ్వతముగా పోవుట నూటికి ఒకరికన్న తక్కువ. మరునాడు వసారాలోనికి వచ్చి కూర్చుండి, వచ్చిన నలుగురికే పద్యము చదివితిని. ఒక బాలిక, "బాగానే వినబడుచున్నదండీ మాస్టారూ" అనెను. నేనడుగలేదు. దానికెట్లు తెలిసినదో!

ఏడవ వారమున పెదవి మీద చీమలు ప్రాకినట్లయి, తరువాత సన్నని మంట మొదలాయెను. మరల నేమి వచ్చినదోయని గాబరాతో పోతిని. ఆమె వినగానే సంతోషించెను. మొద్దుబారినచోట చీమలు ప్రాకుట నరము మేలుకొనుచున్న గుర్తట. అన్ని మంటలును ఇట్టివి కావు సుమా! గాలి తగిలినను, గడ్డము దువ్వినను మెరుపువలె కొట్టు మంట నెలలకొలది నిలిచినచో, అది నరమునకే పట్టిన వ్యాధి. సామాన్యపు బిళ్ళలకు తగ్గదు, దానికి వేరు మందులును వేరు నిపుణులును కలరు.

ఆ వారముననే మరియొక చిన్న విచిత్రము. చిగురు మూసికొన్నచోట నాలుకకు ఏదో గుచ్చుకొనసాగెను. పంటిముక్కను లోపల విడిచిరేమోయని మా బావమరిది తీర్పు చెప్పెను. అది పన్ను గాదు; రోటి అంచున విరిగిన ఎముకరేకు. శరీరము తనకక్కరలేని దానిని మెల్లగా బయటికి నెట్టుటయట. బియ్యపుగింజలో సగమున్న దానిని చిమటాతో ఒక్క క్షణములో తీసివేసిరి.

ఈ మాటలన్నియు మా వీధిలో తెలిసిన తరువాత, ప్రక్కయింటి ఇల్లాలు నా భార్యతో మెల్లగా నొక సంగతి చెప్పినది. ఆమెకు పైదవడ పన్ను తీసి పదునొకండు దినములాయెను. కంటిక్రింద బరువు. నీరు పుక్కిలించిన ముక్కులోనికి వచ్చుచున్నది. చెప్పిన నవ్వుదురని చెప్పక, వంటయు చాకిరియు చేసికొనుచున్నది. ఇంటివారు అడిగినపుడు, "పన్నేగదా" అని తానే అనుచున్నదట. పైదవడ వెనుకటి పండ్ల వేళ్ళకు మీదనే ముక్కుప్రక్క నుండు గాలిగది కలదు. పన్ను తీసినపుడు ఒక్కొక్కప్పుడు నడిమి పలుచని యెముక తొలగి దారి యేర్పడును. చిన్నదైన తానే మూసికొనును, పెద్దదైన కుట్టవలెను. పైపన్ను కదలుచున్నను తీయరాదని సుశ్రుతుడు వైద్యుని హెచ్చరించెను. ఆయన భయము రక్తస్రావమును గూర్చి. నేడు నిశ్చింతగా తీయుచున్నారు. ఆ యిల్లాలిని నా భార్య వెంటబెట్టుకొని పోయెను. ముక్కు చీదవలదని చెప్పి, చిగురును జరిపి కుట్టిరి. ఇన్ని దినములు చెప్పలేదేమని అచట నడిగినపుడు, "నొప్పి కాదు గదా, ఏమని చెప్పను?" అన్నదట. ఆ మాట నాకు చాలకాలము చెవిలో మ్రోగినది.

నా యీడువారికి రెండు సంగతులు చెప్పవలెను. ఎముకలు గట్టిపడుటకు కొన్ని మందులు వాడుదురు. అవి వాడినవారికి పన్ను తీసిన తరువాత దవడయెముక మానక చచ్చుబడుట అరుదుగా కలదు. రక్తము పలుచబడుటకు మందు పుచ్చుకొనువారును కలరు. ఈ రెండింటిని తీయక ముందే చెప్పవలెను. మనంతట మనము మానరాదు. నొప్పిబిళ్ళలలో ఐబుప్రోఫెన్ వంటివి కడుపునకును మూత్రపిండములకును చెరుపు చేయగలవు గనుక ముసలివారు అడుగక మ్రింగరాదు.

ఇక వారము దాటినను, పగలైనను రాత్రియైనను ఆలసింపరానివి కొన్ని కలవు. దవడ క్రింద వాపు మెడకు దిగుచున్నను, జ్వరముతో వణుకు వచ్చినను, మ్రింగుట గాని ఊపిరి తీయుట గాని కష్టమైనను, నాలుక పైకి లేచినట్లున్నను, వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. 1836లో జర్మను వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన మెడవాపు ఇట్టిది. పంటి నుండి మొదలై ప్రాణము తీయగలదు. నెల దినముల లోపల గట్టిది నమలుచుండగా దవడలో ఫట్టుమని వినబడి నొప్పి వచ్చినచో, బలహీనపడిన యెముక విరిగి యుండవచ్చును. అరుదైనను, నలుబది దాటినవారియందు కలదు.

నాకు పన్ను తీసి యిప్పటికి పదునాలుగు నెలలు. మానిన పిల్లలలో ముగ్గురు మరల వచ్చుచున్నారు. నాలుగవవాని తండ్రికి బదిలీ యైనది. వైద్యురాలు గీచిన గీత నెలనెలకు కుంచించుకొని వచ్చి, నేడు గడ్డము మీద చింతగింజ యంత మేర మాత్రము మొద్దుబారి మిగిలినది. అది యింతటితో నిలిచిపోవచ్చునని ఆమె చెప్పినది. గడ్డము గీసికొనునపుడు ఆ చోట కత్తి తెగినను తెలియదు గనుక, అక్కడికి రాగానే అద్దము దగ్గరకు జరుపుకొని మెల్లగా నడపుచున్నాను.